నా దెయ్యమేదిరా తవిటీ?

“ఒరే తవిటీ! నా దెయ్యమేదిరా?”

కేక వీధి మొగలో పుట్టి, ఇటు చివర ముఖలింగం దాసుగారి అరుగు దాకా వచ్చింది. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్నవాళ్లు తలలు తిప్పారు. గోడ నీడన పడుకున్న కుక్క లేచి, ఎవరి మీద మొరగాలో తెలియక మళ్లీ పడుకుంది.

ఆటో ఇంకా పూర్తిగా ఆగనే లేదు, పోలమ్మ అప్పటికే ఒక కాలు కింద పెట్టేసింది. ఇడ్లీల పోలమ్మ అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే పక్కవీధి వాళ్లు “ఆఁ?” అంటారు. ఇక అరిచిందంటే చెప్పక్కర్లేదు.

“హాలు ముందర అంబులెన్సు ఎట్టినారన్నావు. గుండె గట్టిగా లేనోళ్లు రావద్దన్నావు. నా గుండె గట్టిదో కాదో తేల్చుకుందారని పొయ్యి ఆర్పీసి మరీ వచ్చినాను. ఏదిరా దెయ్యం?”

వెనకాల ఆటోలో తవిటినాయుడు సీటు కింద పడిపోయిన చెప్పు వెతుకుతున్నట్టు వంగాడు. చెప్పు కాలికే ఉంది.

ఈ తవిటినాయుడు దాసుగారి శిష్యుడు. హరికథ నేర్చుకుంటున్నాడు. గొంతు మంచిది. మనిషి పొడగరి. పట్టుపంచె కట్టి, మెళ్లో దండ వేస్తే చూడముచ్చటగా ఉంటాడు. మర్నాడు సాయంత్రమే మొట్టమొదటిసారిగా తనొక్కడే కథ చెప్పబోతున్నాడు. కాళ్లకి గజ్జెలు కట్టుకుని, చేత చిడతలు పట్టుకుని, ఆ వీధిలోనే, ఆ వీధివాళ్ల ముందే. అందుకని వీధివాళ్ల నోట్లోంచి వచ్చే ప్రతి మాటా ఇప్పుడతనికి ప్రాణమ్మీదికి వచ్చినట్టే ఉంది.

అసలీ సినిమా గొడవ ఎక్కడ మొదలైందంటే, కథలో కాటి ఘట్టం దగ్గర.

ఒక తల్లి, పాము కరిచిన బిడ్డని భుజాన వేసుకుని, చీకట్లో ఒంటరిగా కాటికి వస్తుంది. విన్నవాళ్లకి ఒళ్లు జలదరించాలి. తవిటినాయుడు నక్కలా ఊళ పెట్టాడు. గుడ్లగూబలా కూశాడు. కళ్లు గిర్రున తిప్పాడు. అభ్యాసం చూడ్డానికొచ్చిన పిల్లలు పడీ పడీ నవ్వి, “ఇంకోసారి నక్క, ఇంకోసారి నక్క” అని వెంటపడ్డారు. మృదంగం వాయించే గవరయ్య ఆవలించాడు. ఆవలిస్తూ కూడా తాళం తప్పలేదు, అది వేరే సంగతి.

“జనాన్ని భయపెట్టడం ఎలాగండీ గురువుగారూ?” అని అడిగాడు తవిటినాయుడు.

దాసుగారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

“చూద్దాం” అన్నారు.

ఆ చూద్దాం అన్నది ఆయన ఏ అర్థంలో అన్నారో గానీ, శిష్యుడికి మాత్రం సినిమా అనే తోచింది.

తోచదూ మరి? ఆ వారం ఫోను తెరిస్తే ఆ దెయ్యం సినిమా తప్ప ఇంకోటి లేదు. ఎక్కడో ఎవరో మూర్ఛపోయారట. ఎక్కడో హాల్లో కుర్చీకో నిమ్మకాయ కట్టారట. ఒకాయన సినిమా చూసి బయటికొచ్చి, భయంతో తనకి మాట పడిపోయిందని ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. తవిటినాయుడు ఆ వీడియో తను చూసి ఊరుకున్నాడా? గడపగడపకీ పట్టుకెళ్లి చూపించాడు.

“అదీ భయమంటే! మనం పాతకాలం పద్ధతిలో ఉండిపోయాం. ఇది సూసొచ్చి, అప్పుడు నా కథ ఇనండి. రేపు మన వీధిలో ఎవులూ ఒంటరిగా పడుకోరు, నాదీ పూచీ!”

దాసుగారి దగ్గరికి వెళ్లి, “మీరూ రావాలండీ గురువుగారూ” అన్నాడు. ఆయన వద్దనలేదు. కండువా తీసి భుజాన వేసుకున్నారు. “నువ్వూ వస్తావుటే?” అని భార్యనడిగారు. “దెయ్యాన్ని నేనెప్పుడూ చూడలేదు కదా” అని సుభద్రమ్మగారు చీర మార్చుకుని వచ్చేశారు. గవరయ్య వచ్చాడు. పోలమ్మ వచ్చింది. తవిటినాయుడి తల్లి అసిరమ్మ, “నాకు కూకుంటే నిద్దరొచ్చీస్తది బాబూ” అంటూనే వచ్చింది.

అలా రెండాటోల నిండా మధ్యాహ్నం ఆటకి బయల్దేరారు.

అంబులెన్సు ఉన్నమాట నిజమే. అబద్ధం చెప్పకూడదు. హాలు ముందు వేపచెట్టు కింద ఆపి ఉంది. డ్రైవరు కాళ్లు రెండూ కిటికీలోంచి బయటపెట్టి హాయిగా నిద్రపోతున్నాడు. ఆ పాదాలు చూసినప్పుడే పోలమ్మకి కొంచెం అనుమానం వచ్చింది.

సినిమాలో దెయ్యం కాళ్లకి గజ్జెలున్నాయి. అక్కడ వచ్చింది చిక్కు.

హాల్లో దీపాలారిపోయాయి. నాలుగు మూలలనించీ ఘల్లు, ఘల్లు, ఘల్లు అని వినిపించింది. తవిటినాయుడు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ పక్కనే గవరయ్య చెయ్యి తనంతట తానే మోకాలి మీద పడింది.

“ఆదితాళం” అన్నాడు గవరయ్య సంతోషంగా.

“గవరయ్య మావా, ఊరుకో.”

“కాదురా, నిజంగానే. సూడు, జోరు పెంచి రెండో కాలంలోకి ఎల్తంది. దెయ్యానికి లయ ఉన్నాదిరోయ్!”

ఆయన ఊరుకోలేదు. మృదంగం వాయించేవాణ్ణి గజ్జెల చప్పుడు దగ్గర ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాడు? దెయ్యం మెట్లు దిగుతుంటే ఆయన మోకాలి మీద వాయించాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసి, నవ్వి, చప్పట్లు కలిపారు. కాసేపటికి ఆ దెయ్యం ఎక్కడ అడుగేసినా హాలంతా తాళం వేస్తోంది. పాపం, అది జుట్టు విరబోసుకుని ఎంత అరిచినా లాభం లేకపోయింది.

సుభద్రమ్మగారు మాత్రం తెరని జాలిగా చూస్తున్నారు.

“ఎడంకాలి గజ్జె వదులైపోయింది ఆ పిల్లకి. చూశావా, చప్పుడు తేడాగా వస్తోంది. ఎవరైనా కొంచెం బిగించి కట్టకూడదూ? పడిపోతుంది.”

దెయ్యం పెద్దగా కేకపెట్టిన చోట అసిరమ్మకి గుర్రు పట్టింది. విశ్రాంతికి దీపాలు వెలిగితే లేచి, కొంగు సర్దుకుని, “అయిపోనాదా? ఎల్లిపోదారా?” అని అడిగింది.

ఆ విశ్రాంతిలోనే దాసుగారు వేరుసెనగలు వలుచుకుంటూ శిష్యుణ్ణి ఒక్క ప్రశ్న వేశారు.

“దెయ్యం కాకముందు ఆ పిల్ల ఏం చేసేదిరా?”

“సినిమాలో చెప్పలేదండి.”

“ఓహో” అన్నారాయన. మళ్లీ ఆట మొదలయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆఖరి దాకా కన్నార్పకుండా చూశారు. మధ్యలో లేచి వెళ్లిపోనిదీ, నవ్వనిదీ, నిద్రపోనిదీ ఆయనొక్కరే.

అదీ జరిగింది. ఇదిగో, ఇప్పుడు వీధి మొగలో పోలమ్మ దిగింది.

“తలుపు తీస్తే దెయ్యం. కిటికీ తీస్తే దెయ్యం. బీరువా తీస్తే దెయ్యం. పప్పుడబ్బా మూత తీసినా దెయ్యమేనేట్రా? అన్నేసి దెయ్యాలుంటే ఎవులికి భయమేస్తది, విసుగొస్తది గానీ! నాకు నా టిక్కెట్టు డబ్బులొద్దు. నా దెయ్యం నాకు ఇచ్చీ.”

కుళాయి దగ్గరవాళ్లు నవ్వారు. తవిటినాయుడు ఆటో దిగాడు. ఏదో అనాలని చూశాడు.

“అది కాదత్తా, మన ఊరి హాల్లో సౌండు సరిగ్గా...”

“సౌండు! నా సెవులు గింగురుమంటంటే సౌండు సాల్లేదంటాడు!” పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే మాట నిజంగా అంటోందని అర్థం. “ఒరే తవిటీ, రేపు నీ కథకీ ఇలగే కదా పిలస్తన్నావు. ఒళ్లు జలదరిస్తదీ, ఎవులూ ఒంటరిగా పడుకోరూ అని. నానైతే రాను బాబూ. ఆ టయానికి పిండి రుబ్బుకుంటాను.”

“నాకూ రేపు పనుంది” అంది కుళాయి దగ్గర ఒకావిడ.

“మా ఇంటికి సుట్టాలొస్తన్నారు” అంది ఇంకొకావిడ, అప్పటికప్పుడు చుట్టాల్ని పుట్టించి.

తవిటినాయుడి మొహం పాలిపోయింది. పోలమ్మ ముందు వరసలో చాప పరుచుకుని కూచుంటేనే ఆ వీధిలో ఏదైనా మొదలైనట్టు లెక్క. పెళ్లయినా, పంచాయితీ అయినా. ఆవిడ రాకపోతే రేపు ఖాళీ చాపల ముందు చిడతలు వాయించుకోవలసిందే.

తవిటినాయుడు దాసుగారి వెనకే వీధి చివర ఆయనింట్లోకి వెళ్లాడు. గోడ మేకుకి తగిలించిన సంచీ దించి, అందులోంచి గజ్జెలు తీశాడు, చిడతలు తీశాడు. రెండూ తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

“నా వల్ల కాదండి. రేపు మీరే చెప్పండి.”

దాసుగారు వాటినీ చూశారు, అతన్నీ చూశారు. ఏమంటారో అని తవిటినాయుడు తలొంచుకుని నిలబడ్డాడు.

“ఏమే” అని పిలిచారాయన వంటింట్లోకి. “పొద్దున్ననగా తిన్నారు అందరూ. ఇప్పుడు ఎవరింట్లో పొయ్యి వెలిగించారు కనక? బియ్యం ఎక్కువ పొయ్యి. పోలమ్మా, గవరయ్యా, ఎక్కడికి వెళ్తారు, రండి లోపలికి. అసిరమ్మా, నువ్వూ.”

“నాను కోపంగా ఉన్నాను దాసుగారూ” అంది పోలమ్మ గుమ్మంలోంచి.

“కోపంగానే కూచో. ఇక్కడ చోటుంది.”

ఆవిడ కోపంగానే వచ్చి కూచుంది. గవరయ్య స్తంభానికి చేరబడ్డాడు. అసిరమ్మ మూలగా, గోడవారన కొంగు పరుచుకుని కూలబడింది. లోపల సుభద్రమ్మగారు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. సాయంకాలపు ఎండ ఇంకా వసారా సగం దాకా ఉంది.

దాసుగారు లేచి వెళ్లి, చిక్కుడుకాయల చేట తెచ్చి తవిటినాయుడి ముందు పెట్టారు. పెట్టి, “ఈనెలు తియ్యి” అన్నారు. గజ్జెల ఊసూ ఎత్తలేదు, చిడతల ఊసూ ఎత్తలేదు.

తవిటినాయుడు గడప దగ్గర చతికిలబడి ఈనెలు తియ్యడం మొదలెట్టాడు. రేపటి కథ పోయింది, ఈ ఈనెలన్నా తిన్నగా తీద్దాం అనుకున్నాడు కాబోలు, తల ఎత్తలేదు.

“మనలో ఎవరికైనా ఎప్పుడైనా నిజంగా భయం వేసిందా?” అని అడిగారు దాసుగారు. ఎవరిని అడిగారో చెప్పలేదు.

“నాకు వేసినాది” అంది పోలమ్మ. “మా ఆయన ఒకనాడు, రేపటినించి ఇడ్లీలు నాను ఏస్తాను, నువ్వు కూకో అన్నాడు. ఆ రాత్రి నాకు కునుకు లేదు.”

అందరూ నవ్వారు. పోలమ్మ కూడా నవ్వబోయి, తను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి మానేసింది.

“నాకు ప్రతి కచేరీలోనూ భయమే” అన్నాడు గవరయ్య. “పాడేవాళ్లు తాళం తప్పుతారేమోనని.”

“నీకురా తవిటీ?” అన్నారు దాసుగారు.

“నాకేటి లేదండి.”

“ఆడికా?” అంది మూలనించి అసిరమ్మ. “ఆడు సిన్నప్పుడు, నాను సంతకెల్లినాడు...”

“నువ్వు ఊరుకో అసిరమ్మా. వాడు చెప్తాడు.”

తవిటినాయుడు చిడతల కోసమన్నట్టు చెయ్యి కదిపాడు. దాసుగారు చేట ఇంకొంచెం దగ్గరికి జరిపారు.

“తీస్తూ చెప్పు. అన్నం ఉడికేలోపు ఈ కాయలైపోవాలి.”

చేతులకి పని ఉంది. కళ్లు కాయల మీద ఉన్నాయి. ఇక ఊళలు పెట్టడానికీ, కళ్లు తిప్పడానికీ వీల్లేదు. తవిటినాయుడు మొదలెట్టాడు. కథ చెప్పే గొంతు కాదు అది, ఇంట్లో మాట్లాడే గొంతు.

“అప్పుడు నాకు ఏడేళ్లుంటాయి. నాగావళి అవతల సంత. ఇక్కడ అప్పటికి వంతెన లేదు, నీళ్లలోంచి నడిసి దాటడమే. అమ్మ బుట్టలో చింతపండు ఎట్టుకుని ఎల్లింది. ఎల్తూ ఎల్తూ, గంజి కాసి ఉంచినాను, ఉప్పేసుకు తాగు, నా వాటా మాత్రం తాగీకు అన్నాది.”

“అన్నాను” అంది అసిరమ్మ నవ్వుతూ.

“మధ్యాన్నం పైన కొండల మీద వాన పడింది. ఇక్కడ చినుకు లేదు. ఎండగానే ఉన్నాది. ఎండగా ఉండగానే ఏరు ఎర్రగా వచ్చీసినాది.”

టప్‌మని కాయ విరిగింది. ఈనె పక్కన పడింది.

“నాను రోడ్డు మీదకెల్లి నిలబడ్డాను. సంతకెల్లినోళ్లు ఒక్కొక్కళ్లే తిరిగొస్తన్నారు. ముందర గాజుల చిన్నమ్మి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసుంది. మా అమ్మేది అన్నాను. ఎనకాలొస్తంది అన్నాది.”

టప్.

“తరవాత వచ్చినోళ్ల చీరలు నడుం దాకా తడిసున్నాయి. అందులో పోలమ్మత్త ఉంది. అత్తా, మా అమ్మేది అన్నాను. ఎనకాలొస్తంది, నువ్వింటికెల్లు అన్నాది. నా మొకం వైపు చూడకుండా అన్నాది.”

పోలమ్మ కదిలి కూచుంది.

“ఆ తరవాత వచ్చినోళ్లకి జుట్టు తడిసున్నాది.”

లోపల వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. సుభద్రమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“వాళ్లని నాను అడగలేదు. వాళ్లే అన్నారు. ఎనకాలొస్తంది, ఎనకాలొస్తంది అని. అడక్కుండా ఎందుకంటన్నారో నాకు తెలీలేదు. అందరికన్నా ఆఖర్న మేకల ముసలాయన వచ్చినాడు. మేకపిల్లని మెడ మీద ఏసుకున్నాడు. ఆయన్ని మా అమ్మేదని అడగలేదు. ఆయన ఎనకాలికి చూసినాను.”

చిక్కుడుకాయ వేళ్ల మధ్య ఉండిపోయింది.

“ఎనకాల ఎవులూ లేరు.”

గవరయ్య చెయ్యి మోకాలి మీద ఉంది గానీ, వేళ్లు ఊరికే ఉన్నాయి. ఆ వేళ్లు అలా ఊరికే ఉండడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

“నాను సూడలేదురా” అంది పోలమ్మ. ఆ గొంతు ఆవిడదంటే నమ్మడం కష్టం, అంత చిన్నగా వచ్చింది. “ఏరు దాటాకా మీ అమ్మని నాను సూడనే లేదు. అలగంటే నువ్వు ఏడవకుండా ఇంటికెల్తావని...”

తవిటినాయుడు విన్నాడో లేదో. అతనక్కడ లేడు.

“ఇంటికొచ్చీసినాను. గంజి ఉంది. నా వాటా తాగీసినాను. అమ్మ వాటా ముంతలో ఉంది. దాని మీద మూత ఎట్టి, మూత మీద చెయ్యేసి కూకున్నాను. గంజి చల్లారిపోతే అమ్మ రాదు. అలగని ఎవులు చెప్పినారు? ఎవులూ చెప్పలేదు. నాకే తోచినాది. ఇంకో చెయ్యి కూడా ఏసినాను. ముంత చుట్టూ నా చొక్కా చుట్టినాను. అయినా చల్లారిపోతంది. చేతి కింద తెలస్తంది, చల్లారిపోతందని.”

పొయ్యి మీద గిన్నె మూత తపతపలాడుతోంది. దాన్ని దించడానికి ఎవరూ లేవలేదు. వసారాలో ఎండ ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా ఎవరూ చూడలేదు.

అప్పుడు మూలనించి, గోడకి ఆనుకుని కూచున్న అసిరమ్మ ముందుకి వంగింది. రెండు చేతులతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు పెద్దవి చేసుకుని కొడుకుని చూస్తోంది.

“బాబూ” అంది. “మరి... నానొచ్చీసినానా?”

ఎవరూ నవ్వలేదు. పోలమ్మ కూడా తవిటినాయుడి నోటికేసే చూస్తోంది. గవరయ్యా అంతే. మనిషి ఎదురుగా కూచునుంది, అయినా అందరికీ జవాబు కావాలి.

తవిటినాయుడు తలెత్తాడు. తల్లిని చూశాడు.

“వచ్చినావమ్మా.”

“హమ్మయ్య!” అంది అసిరమ్మ. వెనక్కి వాలి, కొంగుతో మొహమంతా తుడుచుకుంది. “ఎప్పుడొచ్చినానురా?”

“దీపాలెట్టే ఏళకి. ఎగువ వంతెన మీంచి లారీలో వచ్చినావు. వస్తూ వస్తూనే, నా వాటా తాగీసినావేట్రా, ముంతని అలగ కౌగిలించుకున్నావు అని కేకలేసినావు.”

అప్పుడు నవ్వారు. అందరూ ఒక్కసారే నవ్వారు. పోలమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూ తవిటినాయుడి వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది. అసిరమ్మ లేచి వచ్చి కొడుకు పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా కూచుని, మిగిలిన కాయలు తను తియ్యడం మొదలెట్టింది.

“అన్నం!” అని సుభద్రమ్మగారు లోపలికి పరుగెత్తారు.

అడుగు మాత్రం కొంచెం పట్టింది.

ఆవిడ చిక్కుడుకాయల కూర తాలింపు వేస్తుంటే పోలమ్మ వసారాలోంచే అడిగింది.

“ఒరే, రేపు కథ ఎన్నింటికిరా?”

తవిటినాయుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన వక్కపలుకు వెతుక్కుంటున్నారు. ముందర గజ్జెలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి.

“ఆరింటికత్తా” అన్నాడు నెమ్మదిగా.

“అయితే పిండి పొద్దున్నే రుబ్బీసుకోవాల. ఇంటికెల్లేటప్పుడు నన్ను గుమ్మం దాకా దిగబెట్టు.”

“నాలుగిళ్లవతలే కదత్తా మీ ఇల్లు?”

“దిగబెట్టమన్నానా లేదా?”

తవిటినాయుడు గజ్జెలూ చిడతలూ తీసి సంచీలో పెట్టాడు. సంచీ మేకుకి తగిలించి, గురువుగారి దగ్గరికి వచ్చి కూచున్నాడు. ఏదో అడగాలని ఉంది. ఎలా అడగాలో తెలియడం లేదు.

“గురువుగారూ, సినిమాలో అన్ని దెయ్యాలున్నా ఎవులికీ భయం వెయ్యలేదండి. దీంట్లో ఒక్క దెయ్యమూ లేదు. పైగా అమ్మ ఎదురుగానే కూకుంది. మరి భయం ఎక్కణ్ణించి వచ్చిందండీ?”

దాసుగారు చేతులు కడుక్కోవడానికి లేచారు.

“ముందు మీ అమ్మకి ఆకు వెయ్యరా” అన్నారు.

తవిటినాయుడు వెళ్లి విస్తరాకులు తెచ్చాడు. తల్లికి మొదటి ఆకు వేశాడు, నీళ్లు చిలకరించి తుడిచాడు. తర్వాత అందరికీ వేశాడు. ఆ ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక గానీ సుభద్రమ్మగారు కూచోరు. ఆవేళ దాసుగారు ఆవిడ చేతిలో గరిటె తీసి శిష్యుడి చేతికిచ్చి, “నువ్వూ కూచోవే” అన్నారు. ఆవిడ కాసేపు కాదూ కూడదూ అన్నారు, తర్వాత సిగ్గుపడుతూ అసిరమ్మ పక్కన కూచున్నారు.

వేడన్నం పొగలు కక్కుతోంది. తవిటినాయుడు కూర వడ్డించాడు, నెయ్యి వేశాడు, చారు పోశాడు. పోలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

“ఈనెలు సరిగ్గా తియ్యలేదురా నువ్వు. గొంతుకి అడ్డం పడతన్నాయి” అంది. అని, ఇంకాస్త కూర వెయ్యమని ఆకు మీద చూపించింది.

“రా నాయినా, నువ్వూ కూకో” అంది అసిరమ్మ, పక్కకి జరిగి.

అతను గరిటె దించి, తల్లికీ గవరయ్యకీ మధ్య ఇరుక్కుని కూచున్నాడు. అందరూ తింటున్నారు. అన్నం కలుపుకుని, తినడం మరిచిపోయి, తవిటినాయుడు కాసేపు తల్లి వైపు తిరిగి చూస్తూ ఉండిపోయాడు.

“తిను” అన్నారు దాసుగారు.